కాళ్ళు లేని పేరంటాలు

మా అత్తగారు అప్పలనరసమ్మ పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ పూజిస్తున్నది ఒక జపాను నాటకాల నటుణ్ణి. ఈ సంగతి ఆవిడకు తెలియదు. నాకు తెలుసు. కాపరానికి వచ్చిన మొదటి శుక్రవారమే తెలిసింది. కొత్త కోడలు నోరు విప్పి చెప్పే మొదటి మాట ‘మీ దేవత మగవాడండీ’ అని అయితే బాగుండదని ఊరుకున్నాను. తర్వాత చెబుదామనుకున్నాను. కొన్ని మాటలకు తర్వాత అనేది రాదు.

విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రంగూను వచ్చిన మా కుటుంబాల్లో, పసుపు కుంకుమలతో పోయిన ఆడమనిషిని పేరంటాలుగా ఇంట్లో నిలుపుకుంటారు. ఏడాదికోసారి చీర, గాజులు, కోడి. ఇంట్లో తగువు వస్తే ప్రమాణం కూడా ఆవిడ ముందే. మా ఇంటి పేరంటాలు తాయారు. మా మామగారి తండ్రి అప్పయ్య రేవులో కూలీల మేస్త్రీ. ఈ తాయారు ఆయన వదిన. యుద్ధంలో రంగూను మీద మొదటిసారి బాంబులు పడిన రోజున మొగుడికి రేవుకు అన్నం పట్టుకెళ్తూ పోయింది. దొరికినంత మేరకు తెచ్చి దహనం చేశారట. దొరకనివి కాళ్ళు.

ఆ తర్వాత ఆవిడ అప్పయ్యగారి కలలో కనబడి కూర్చోడానికి పీట అడిగింది. పీట వేశారు గాని దాని మీద పెట్టడానికి ఫోటో లేదు. జపానువాళ్ళు రంగూను వదిలి పారిపోయినప్పుడు, ఒక అధికారి ఖాళీ చేసిన బంగళాలో జనం దొరికింది దొరికినట్టు ఎత్తుకుపోతుంటే అప్పయ్యగారూ వెళ్ళారు. గోడ మీద పటం చూసి అక్కడే సాష్టాంగపడ్డారు. జుట్టు విరబోసుకున్న ఆడది. లేత నీలం బట్ట. నడుము దాకా ఉంది, అక్కణ్ణుంచి పొగలాగ సన్నబడి మాయమైపోయింది. కాళ్ళు లేవు. ఇంకేం సాక్ష్యం కావాలి? జపాను దెయ్యాలన్నిటికీ కాళ్ళు ఉండవని ఆ మేస్త్రీకి ఎవరు చెప్తారు?

నాకు పుస్తకం చెప్పింది. రంగూను యూనివర్సిటీలో నేను బి.ఏ. చదివేటప్పుడు మధ్యాహ్నాలు లైబ్రరీ పంకా కింద కూర్చోవాలంటే ముందు ఏదో ఒక పుస్తకం ఉండాలి. పెద్దదైతే దాని వెనక నిద్రపోవచ్చు. అలా ఎంచుకున్నది జపాను బొమ్మల పుస్తకం. నిద్ర పట్టని రోజుల్లో చదివాను కూడా. వాళ్ళ కబుకీ నాటకాల్లో ఆడవేషాలు కూడా మగవాళ్ళే కడతారు. అందులో దెయ్యాలకీ పిశాచాలకీ గిరాకీ ఎక్కువ. ఒక నటుడు ఏదైనా దెయ్యం వేషంలో పేరు తెచ్చుకుంటే, ఒకడు బొమ్మ గీసి, ఇంకొకడు రంగుకో చెక్కపలక చెక్కి, మరొకడు ఒక్కో రంగూ అద్దుతూ కాగితం మీద అచ్చువేసి వీధుల్లో అమ్మేవాళ్ళు. మన సినిమా పోస్టర్లే అనుకోండి. దెయ్యం ఏదైనా ముక్కు మాత్రం నటుడిదే వెయ్యాలి, లేకపోతే అభిమానులు కొనరు.

మా పేరంటాలికి గద్ద ముక్కు, బరువైన దవడ. విగ్గు కింది గొరిగిన గుండు కనబడకుండా నుదుటి పైన ఊదారంగు గుడ్డముక్క. అత్తగారు దాన్ని ముత్తైదువల ముసుగనుకున్నారు. ఒక మూలన నటుడి పేరు నిలువునా రాసి ఉంటే మంత్రమన్నారు. కింద అచ్చువేసినవాడి ఎర్ర ముద్ర ఉంటే, సరిగ్గా ఆ చోట అద్దం మీద రోజూ కుంకుమ పెట్టారు.

పెదవులు నీలం. ఒక కన్ను సగం మూసి ఒక కన్ను బయటికి. చేతులు మణికట్టు దగ్గర విరిగినట్టు వేలాడుతుంటాయి, ఈకలు పీకిన కోడికాళ్ళలాగ. వేసినవాడు గొప్ప పనివాడే, కాదనను. ఒక్కో వెంట్రుకా విడివిడిగా చెక్కాడు. కాని దాన్ని ప్రతి శుక్రవారం తుడవాల్సింది నేను. అద్దం మీద ఏళ్ళ తరబడి నూనె, పసుపు, కర్పూరం మసి, ఏటేటా పెట్టిన కోడినెత్తురు బొట్టు పొరలు పొరలుగా పేరుకున్నాయి. గట్టిగా తోమితే పేరంటాలికి కోపం వస్తుందని అత్తగారి ఆజ్ఞ. తడిగుడ్డ అంటిస్తే జిగురుగా సాగేది. పటం వెనక ఒక బల్లి కాపరం. తరాలు మారినా కాపరం మారలేదు. తుడిచిన చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా, అన్నం కలుపుకునేటప్పుడు ఆ వాసన తగిలేది.

ఇంత అసహ్యమూ ఇంకొకరి మీద ఉండేది నాకు. కూర్మనాథం.

కూర్మనాథం మా అత్తగారి చెల్లెలి కొడుకు. ఆవిణ్ణి పెద్దమ్మా అంటాడు, నన్ను వదినా అంటాడు, మా వంటింటిని మనిల్లు అంటాడు. కిళ్ళీ నమిలి గుమ్మం పక్కనే ఉమ్ముతాడు. అతనొచ్చి వెళ్ళాడని ఎవరూ చెప్పక్కర్లేదు, గోడ చెప్తుంది. చిటికెనవేలి గోరు పెంచాడు. దానితో చెవి తీసుకుంటాడు. అదే గోటితో జాడీలో ఊరగాయ రుచి చూస్తాడు. దేశం ఇరవై ఆరేళ్ళుగా తలుపులు మూసుకుని ఒకే పార్టీ కింద కూర్చుంటే, ఇతను ఆ పార్టీ బ్యాడ్జీ పెట్టుకుని మా వీధిలో పెత్తనం చేశాడు. ఎవరింట్లో రేడియోలో బయటి దేశాల వార్తలు పెట్టారో ఆఫీసులో చెప్పి వచ్చేవాడని అందరికీ తెలుసు. ఎనభై ఎనిమిది ఆగస్టులో ఊరంతా ప్రభుత్వానికి ఎదురుతిరిగి రోడ్డు మీదికొచ్చాక ఆ బ్యాడ్జీ మా పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పాతిపెట్టాడు. మా పెరడే ఎందుకంటే, దొరికితే మేం చిక్కుకుంటాం గనక.

సెప్టెంబరు వచ్చేసరికి ఆఫీసులు లేవు, పోలీసులు లేరు. మా ఆయన వెంకట్రావు పని మీద దలా వెళ్ళి, పడవలు ఆగిపోవడంతో నది అవతలే ఉండిపోయారు. రంగూనులో మేముండే తాకేటా పేటలో మా వీధికి రెండువైపులా వెదురు కంచెలు కట్టారు. కాపలాకు కుర్రాళ్ళు, కత్తులు. కుర్రాళ్ళకు పెద్ద కో టున్ అనే దర్జీ. నా జాకెట్లన్నీ అతను కుట్టినవే. కత్తెర పట్టిన చెయ్యి కత్తి పట్టడం అలవాటు కాక, దాన్ని గజంబద్దలాగ పట్టుకునేవాడు. నీళ్ళలో విషం కలపడానికి ప్రభుత్వం మనుషుల్ని వదిలిందని ఊరంతా పుకారు. వేరే పేటలో అలా పట్టుబడ్డవాళ్ళని ఏం చేశారో మా వీధిలో చెప్పుకున్నారు. అది నేను రాయను. విన్నపూట అన్నం సయించలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పేరంటాలి పండగ వచ్చింది. తుపాకులు పేలుతున్నాయి, ఈ ఏటికి బెల్లంముక్కతో కానిద్దామన్నాను. ఆవిడ బాంబులకే పోయిన మనిషి, తుపాకులకు జంకుతుందా అన్నారు అత్తగారు. నేను డిగ్రీ పుచ్చుకున్న రోజున బర్మా ఆడవాళ్ళలా కట్టుకున్న పట్టు లుంగీ పక్క వీధికి వెళ్ళి ఒక కోడిగా మారి తిరిగొచ్చింది. వండాను. మూతపెట్టి గిన్నె పటం ముందు పీట దగ్గర పెట్టాను. దీపాల వేళకు నైవేద్యం. అందాకా మూత తీసి వాసన చూసినా ఎంగిలే.

బౌద్ధమఠం దగ్గర బియ్యం పంచుతున్నారంటే వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అత్తగారు వెనక గదిలో కునుకు తీస్తున్నారు. గుమ్మం పక్క గోడ మీద కొత్త ఎరుపు. గిన్నె మూత ఓరగా ఉంది. తీసి చూస్తే పులుసు, పులుసులో మెడ. మిగతా కోడి లేదు. ఎముకలు కిటికీలోంచి బయటికి విసిరేసినట్టున్నాడు, చీమలు అప్పుడే బారు కట్టాయి. నాకు ముందు కోపం రాలేదు. ఆ గోరు ఆ పులుసులో మునిగి ఉంటుంది గదా అని తోచింది. మూత సరిగ్గా పెట్టి, అత్తగారు లేచాక ఎలా చెప్పాలా అనుకుంటుండగా వీధిలో కేకలు.

మా వీధి మొగలో దారినపోయేవాళ్ళ కోసం మంచినీళ్ళ కుండలు పెట్టిన చిన్న పందిరి ఉంది. అక్కడ జనం. మధ్యలో కూర్మనాథం, చేతులు వెనక్కి కట్టేసి. డా టిన్ అనే ముసలావిడ, ఇతను కుండలో చెయ్యి పెట్టి కలుపుతుంటే కళ్ళారా చూశానంటోంది. తను అదే నీళ్ళు తాగి వాంతి చేసుకుందట. ఆ వాంతి కూడా అక్కడే ఉంది, అందరికీ చూపిస్తోంది. నీళ్ళ మీద తేలుతున్న తెట్టు చూడమని కో టున్ నన్ను పిలిచాడు. వంగి చూశాను. పసుపుపచ్చ నూనె, చుక్కలు చుక్కలుగా. కుండ అంచుకు ఒక కరివేపాకు రెబ్బ అంటుకుని ఉంది.

ఆ వీధిలో కరివేపాకు వేసి వండేది మేమొక్కళ్ళమే. మా కోడి తిని, జిడ్డు చేతులు వీధిలో వాళ్ళు తాగే కుండలో ముంచి కడుక్కున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన ఇతన్ని ఏం చేసినా చెయ్యనీ అనిపించింది. విషం కలిపినవాడి మీద భయం వేస్తుంది. ఇలాంటివాడి మీద భయం కూడా వెయ్యదు. కాని కో టున్ వెనక ఉన్న కుర్రాళ్ళ ముఖాలు చూశాను. వేరే పేట కథ వాళ్ళూ విన్నారు. వాళ్ళకు దాని మీద అసహ్యం కలిగినట్టు లేదు.

అది కోడిపులుసు నూనె అని చెప్పాను. మా ఇంట్లో తిని ఇక్కడ చెయ్యి కడిగాడు, అంతే, కావాలంటే వాసన చూడండన్నాను. ఎవరూ చూడలేదు, విషమైతే వాసనకే పోతామని. ఈ కరువులో కోడెవరు వండారమ్మా అని ఒకావిడ నవ్వింది. చుట్టం గనక వెనకేసుకొస్తోందని ఇంకొకావిడ. కో టున్ మాత్రం కత్తి కాస్త దించి, నిజంగా కోడి తిన్నావా అని కూర్మనాథాన్నే అడిగాడు.

అవునంటే ఇంటికి పోవచ్చు. ఆ ఒక్క మాట చాలు. కాని కేకలకు లేచి మా అత్తగారు అప్పుడే కర్ర ఊతంతో వచ్చి నా పక్కన నిలబడ్డారు. కూర్మనాథం కత్తిని చూశాడు, అత్తగారిని చూశాడు. ఏది ఎక్కువో తేల్చుకున్నాడు.

“కోడేటి పెద్దమ్మా? నానీరోజు పేరంటాలికి ఉపాసం. ఉమ్మి మింగితే ఒట్టు.”

ఆ చివరి మాట ఒక్కటే నిజం. ఎప్పుడూ మింగడు, గోడ మీదే.

జనం గోల పెరిగింది. నా మాట అబద్ధమని అతనే తేల్చేశాడు మరి. అప్పుడు అత్తగారు కర్రతో నేల మీద కొట్టి, ఉపవాసం ఉన్నవాడి మీద నింద వెయ్యకండని బర్మా భాషలో కో టున్‌తో చెప్పారు. మా పేరంటాలి ముందు నీళ్ళు తాగిస్తాను, తప్పు చేసినవాడైతే రక్తం కక్కుకుని మీ కత్తి కంటే ముందే పోతాడు, నిలబడితే వదిలెయ్యండన్నారు. కో టున్ ఆలోచించాడు. పని నేర్చుకునే రోజుల్లో మా ఇంటికి జాకెట్లు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా ఆ పటం చూడాల్సి వస్తుందని కళ్ళు మూసుకుని నిలబడేవాడు. నా పేరు పెట్టి పిలవకుండా ‘దెయ్యమ్మగారింటి అమ్మా’ అనేవాడు. సరేనన్నాడు. ఎవరినీ నరకాల్సిన పని లేకుండా ఎవరైనా తీర్పు చెప్తే బాగుణ్ణని అతనికీ ఉందేమో.

అందరూ మా ఇంటికొచ్చారు. కత్తులు గుమ్మం బయట చెప్పుల పక్కన పెట్టారు. సగంమంది లోపల, సగంమంది కిటికీ దగ్గర.

పేరంటాలి ప్రమాణమంటే కాళ్ళు కడిగిన నీళ్ళు తాగాలి. మా పేరంటాలికి కాళ్ళు లేవు గనక పటం మొత్తం కడగడం మా ఇంటి ఆచారం. కడగాల్సింది ఇంటి కోడలు, నేను వచ్చాక అంతదాకా రావడం ఇదే మొదలు. పటం దించాను. బల్లి గోడ మీదికి గెంతి, తోక మాత్రం చెంబులో వదిలింది. తీద్దామనుకున్నాను. అత్తగారు తాకనివ్వలేదు, పేరంటాలి దగ్గరున్నదంతా ప్రసాదమే అన్నారు. అద్దం మీద నీళ్ళు పోస్తే, ఎప్పుడూ గట్టిగా తోమనివ్వని ఆ పొరలు మెత్తబడి ముద్దలు ముద్దలుగా చెంబులోకి జారాయి. నలుపు, దాని మీద పసుపు, దాని మీద మెరుపు. తోక ఇంకా కదులుతోంది. చెంబు కూర్మనాథం ముందు పట్టుకున్నాను. ముఖం పక్కకు తిప్పుకుని పట్టుకున్నాను, లేకపోతే నేను అక్కడే కక్కేదాన్ని, అప్పుడు దోషి నేనే అయ్యేదాన్ని.

అత్తగారు ప్రమాణం ఏం చెప్పించారంటే, ఈ రోజు పొద్దు పొడిచినకాడి నుంచి ఏ తప్పూ చెయ్యలేదని. విషం కలపలేదని చెప్పిస్తే సరిపోయేది. ఆవిడ దేనికైనా కొలత ఎక్కువే వేస్తారు. కూర్మనాథం వణికిపోయాడు. కత్తి ముందు వణకనివాడు చెంబు ముందు వణికాడు. విషం సంగతి కాదు, అతని కళ్ళముందున్నది కోడి. నైవేద్యానికి ముందు పేరంటాలి కోడి తిని పేరంటాలి ముందు నిలబడ్డాడు. రక్తం కక్కుకుంటానని నిజంగా నమ్మాడు. చేతుల కట్లు విప్పినా చెంబు అందుకోలేదు. కిటికీ దగ్గర ఒక కుర్రాడు వెనక్కి తిరిగి తన కత్తి వెతుక్కోవడం నాకు కనబడింది.

అత్తగారు కళ్ళు మూసుకుని గొంతెత్తి తాయారు కథ పాడుతున్నారు, సద్దిమూట కట్టిన దగ్గర్నుంచీ. నేను చెంబుతో సహా ముందుకు వంగాను.

“తాగు” అన్నాను గొణుగుతూ.

“నా వల్ల కాదొదినా. ఆయమ్మ నాకేసే సూస్తంది.”

“ఆయమ్మ కాదు. మగవాడు.”

అతను నావైపు చూశాడు, ఉపద్రవంలో వదినకు మతి పోయిందా అన్నట్టు.

“జపాను నాటకాలవాడు. దెయ్యం వేషం కట్టాడు. ముక్కు చూడు. దవడ చూడు. నుదుటి మీద గుడ్డ ఎందుకనుకున్నావు, కింద గుండు.”

“మగోడేటి?”

“మీ ఇంటి మగవాళ్ళందరి కంటేనూ. తాగు.”

కూర్మనాథం పటంవైపు చూశాడు. కడిగాక అద్దం మొదటిసారి శుభ్రంగా ఉంది. ఇన్నేళ్ళు మసి వెనక ఉన్న రంగులన్నీ బయటపడ్డాయి. ముక్కు స్పష్టంగా ఉంది. అతను చాలాసేపు చూశాడు. పుట్టినప్పటినుంచీ మోస్తున్న భయం అతని ముఖంలోంచి ఒక్కో కండరమే దిగిపోతుంటే చూడటం, నిజం చెప్పాలంటే, ఆ చెంబులోకి చూడటం కంటే ఏం బాగాలేదు. భయం పోయిన చోట ఏదో మంచి వస్తుందనుకుంటాం. అక్కడ ఇకిలింపు వచ్చింది.

చెంబు లాక్కున్నాడు. ప్రమాణం గట్టిగా, చివరి అక్షరం దాకా పలికాడు. ఎత్తి గటగటా తాగాడు. చివర్లో కొంచెం నమిలాడు. మూతి తుడుచుకుని అందరివైపూ చూసి, ఒక తేన్పు తేన్చాడు. కోడి వాసన వచ్చింది. నాకే వచ్చిందేమో.

రక్తం కక్కలేదు. కో టున్ మోకాళ్ళ మీద కూర్చుని పటానికి మొక్కాడు, ఈసారి కళ్ళు తెరిచే. కుర్రాళ్ళూ మొక్కారు. డా టిన్ కూడా తన కడుపు తనది గాదన్నట్టు తడుముకుని, పొద్దుట తిన్న పాచి చేప వల్లేమో అంది. కుండ పగలగొట్టి కొత్తది పెట్టాలని తీర్మానించుకుని, కత్తులూ చెప్పులూ వెతుక్కుని వెళ్ళిపోయారు. ఒకడు పొరపాటున పక్కవాడి కత్తి పట్టుకుపోయి, మళ్ళీ తెచ్చి మార్చుకున్నాడు. వీధి చివర కంచె దగ్గరికెళ్ళి కూర్చున్నారు. కేకేస్తే వినబడేంత దూరం.

నీళ్ళు తాగి నిలబడ్డవాడికి పేరంటాలి ముందే ఆకు వేసి నైవేద్యం పెట్టాలి. అదీ ఆచారమే. అత్తగారు కూర్మనాథాన్ని పీట పక్కన కూర్చోబెట్టి, తల నిమిరి, ముందుగా దీపం వెలిగించి, కోడి గిన్నె మూత తీశారు.

మెడ.

గరిటెతో అడుగుదాకా కెలికారు. మళ్ళీ కెలికారు. తర్వాత మూత మీద కూడా వెతికారు, కోడి అక్కడ అతుక్కుందేమోనని. గరిటె పట్టుకునే నావైపు తిరిగారు.

“ఓలె కోడలా. కోడేదే?”

నేను మూత అందుకున్నాను.

“ఇందాకల వీధిలో ఆడు తిన్నాడన్నావు. కాపాడ్డానికి అన్నావనుకున్నాను. కోడి నిజంగానే లేదు. ఆడు తినలేదని పేరంటాలు సెప్పింది.” ఆవిడ కాస్త ఆగారు. లెక్క ఎక్కువ దూరం లేదు. ఇంట్లో ఇద్దరమే. “మరింక తిన్నదెవులు?”

అతను తిన్నాడని ఇప్పుడంటే, ఏ తప్పూ చెయ్యలేదన్న ప్రమాణం అబద్ధమవుతుంది. ఒకటి అబద్ధమైతే విషం మాటా అబద్ధమే. అత్తగారు ధర్మానికి చుట్టరికం చూడరు, గుమ్మంలోకెళ్ళి కో టున్‌ను ఆవిడే పిలుస్తారు. కూర్మనాథం ఆకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని నావైపు చూస్తున్నాడు. మొదటిసారి అతని దవడ ఆడటం లేదు.

“కాదంటే ఉత్తినే కాదనకు. తాగి కాదను. చెంబులో ఇంకా ఉంది” అన్నారు అత్తగారు.

చెంబు నా ముందుకు జరిపారు. అడుగున మిగిలింది మొదట్లో దాని కంటే చిక్కగా ఉంది. తాగితే నాకూ ఏమీ కాదు. పటంలో ఉన్నది వేషగాడని నాకంటే బాగా ఎవరికి తెలుసు? తాగితే నేనూ నిర్దోషిని, అతనూ నిర్దోషి, కోడి దానంతటది లేచిపోయింది. గౌరవంగా బయటపడే దారి అదొక్కటే ఉంది. చెంబు ఎత్తాను. అంచు దాకా తెచ్చాను. అంచు మీద అతను తాగిన చోట కిళ్ళీ ఎరుపు, దాని పక్కన తోకలో సగం.

దించేశాను.

“నేనే తిన్నానత్తా” అన్నాను.

అత్తగారు గరిటె గిన్నెలో పెట్టారు. బి.ఏ. చదివినదానివి, అని మాత్రం అన్నారు. కొంగుతో కళ్ళొత్తుకుని, పేరంటాలికి క్షమాపణ చెప్పి, ఉన్న మెడనే ఆకులో వేశారు. ఈ ఇంట్లో బతికినన్నాళ్ళు నేను పేరంటాలి కోడి ఎంగిలి చేసిన కోడల్నే. తాకేటాలో తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో ఇప్పటికీ కోడికూర గిన్నె నా చేతికివ్వరు.

కూర్మనాథం మెడ రెండు చేతులతో పట్టుకుని చీకాడు. పూసకో పూస విడదీసి, లోపలి నరం చిటికెన గోటితో లాగి, అది కూడా చీకాడు. మధ్యలో తలెత్తి పటంవైపు చూసి, ఎవరో తెలిసినవాణ్ణి చూసినట్టు ఒక కనుబొమ్మ ఎగరేశాడు. తర్వాత నావైపు తిరిగి, పెద్దమ్మకు వినబడేలా నాలిక చప్పరించాడు.

“తప్పు కదేటొదినా. పైనుంచి ఆయమ్మ సూస్తానే ఉంటాది.”

ఆకు నావైపు జరిపాడు, ఇంకొంచెం పులుసు పొయ్యమని. పోశాను.